మట్టిని నమ్మిన వాస్తుశిల్పి

కూడు, గుడ్డ, నీడ అని మన పెద్దలు మనిషి అవసరాలను మూడు మాటలలో చెప్పారు. ఈ మూడింటిలో నీడను సంపాదించుకోవడమే పేదవానికి అన్నింటికన్నా కష్టం. కూడు, గుడ్డ ఏ పూటకాపూట సమకూర్చుకోవచ్చు. ఇల్లు మాత్రం ఒక్కసారిగా పెద్ద మొత్తాన్ని కోరుతుంది. సిమెంటు, ఇనుము, కలప - అన్నీ అంగడిలో కొనవలసినవే. కొనలేనివాడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు సమాధానం ఆ పేదవాని కాళ్ళ కింది మట్టిలోనే ఉన్నదని విశ్వసించి, జీవితమంతా ఆ విశ్వాసానికే అంకితం చేసిన ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ. ఆయన గెలిచిన చోట్ల కంటే ఓడిన చోటే లోకానికి ఎక్కువగా తెలుసు. తన ఓటమిని తానే దాపరికం లేకుండా గ్రంథస్థం చేయడం అందుకు కారణం.

హసన్ ఫతీ 1900 మార్చి 23న అలెగ్జాండ్రియా నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే కుటుంబం కైరోకు తరలివచ్చింది. వారికి పల్లెలలో భూములుండేవి. అయినా తండ్రి ఆ వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. పల్లె అంటే ఈగలు, దోమలు, మురికినీరు అని ఆయన భావన. తల్లి తలపు వేరు. చిన్ననాడు పల్లెలో గడిపిన రోజులను, తన వెంట తిరిగిన గొర్రెపిల్లలను ఆమె ముచ్చటగా బిడ్డలకు చెప్పేది. ఏనాటికైనా అక్కడికి వెళ్ళి బతకాలని కలలు కనేది. తండ్రి చెప్పిన పల్లె ఒకటి, తల్లి చెప్పిన పల్లె మరొకటి. ఈ రెండింటిలో ఏది నిజమో తెలుసుకునే అవకాశం ఫతీకి యువకుడయ్యే వరకు రాలేదు. రైలు కిటికీలోంచి కనబడిన పొలాలే ఆయన ఎరిగిన పల్లె.

తల్లి మాటల ప్రభావమే కాబోలు, ఆయన మొదట వ్యవసాయ విద్య చదవాలనుకున్నారు. కాని సేద్యం గురించి ప్రత్యక్షానుభవం ఏమాత్రం లేకపోవడం వల్ల ప్రవేశ పరీక్షలో నెగ్గలేకపోయారు. వాస్తుశాస్త్రంలో చేరి 1926లో పట్టభద్రులయ్యారు. ఉద్యోగంలో తొలినాళ్ళలోనే తల్ఖా అనే చిన్న పట్టణంలో బడి కట్టించే పని మీద వెళ్ళవలసివచ్చింది. అక్కడి సందులలోని బురద, కుళ్ళు, ఇరుకు కొంపలలో కిక్కిరిసిన మనుషులు ఆయనను కలవరపరిచారు. తమ సొంత భూములలోని రైతుల గుడిసెలు చూసినప్పుడు ఆ కలవరం సిగ్గుగా మారింది. తమకు తిండిపెడుతున్న వారు తలవంచుకుంటే తప్ప దూరలేని కొంపలలో ఉంటున్నారని, ఆ సంగతి తమ ఇంట ఎవరికీ పట్టలేదని ఆయనకు అర్థమైంది. తండ్రి చూపిన మురికీ నిజమే, తల్లి చూపిన అందమూ నిజమే. ఆ అందానికి తగిన ఇల్లు అక్కడివారికి లేకపోవడమే లోపమని ఆయన గ్రహించారు.

1930లో ఆయన కైరోలోని లలితకళల కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆనాటి ఈజిప్టులో వాస్తుశిల్పులు ఐరోపా భవనాలకు నకళ్ళు గీయడమే విద్యగా భావించేవారు. ఫతీ కూడా మొదట అదే దారిలో నడిచినవారే. క్రమంగా ఆయన దృష్టి పల్లె రైతు కట్టుకున్న గోడ మీదికి మళ్ళింది. నైలు నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టిలో కాస్త గడ్డి, నీళ్ళు కలిపి తొక్కి, అచ్చుపోసి, ఎండబెట్టిన పచ్చి ఇటుక అది. దానికి ఆవము అక్కరలేదు, వంటచెరకు అక్కరలేదు, దూరం నుంచి తేవలసిన పని లేదు. వేల సంవత్సరాలుగా రైతు కళ్ళెదుటనే ఉన్న ఈ వస్తువును చదువుకున్నవారు చిన్నచూపు చూశారే గాని పరీక్షించి చూడలేదు. 1937లో ఫతీ పచ్చి ఇటుకతో కట్టదగిన ఇళ్ళకు అందమైన చిత్రాలు గీసి ప్రదర్శించారు. తరువాత కొందరికి అటువంటి ఇళ్ళు కట్టి కూడా ఇచ్చారు.

గోడలు మట్టితో లేచాయి. చిక్కంతా కప్పుతోనే వచ్చింది. మన రాయలసీమ మట్టిమిద్దెలకు సైతం గోడలు మట్టివే గాని, కప్పు నిలవడానికి దూలాలు, దంతెలు కావలసిందే కదా! ఈజిప్టులో అడవులు లేవు. కలప పరాయి దేశాల నుంచి ఓడలలో రావాలి. రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో కలప, ఇనుము రెండూ కరవయ్యాయి. 1941లో కైరో దగ్గరి బహ్తీమ్‌లో, రాయల్ వ్యవసాయ సంఘం వారి క్షేత్రంలో ఇళ్ళు కట్టే పని ఫతీ చేతిలో ఉంది. కలప లేకుండా కప్పు వేయాలంటే ఇటుకలతోనే కమాను కట్టాలి. కమాను కట్టాలంటే అది ఆరి గట్టిపడే వరకు కింద సెంట్రింగు కావాలి. ఆ సెంట్రింగుకు మళ్ళీ కలపే కావాలి. పూర్వులు ఎలా కట్టారో ఊహించి, సెంట్రింగు లేకుండా కట్టించబోతే కట్టిన కమాను కట్టినట్లే కూలిపోయింది. ఆ రహస్యం ప్రాచీనులతోనే అంతరించిందేమోనని ఆయన నిరాశపడ్డారు.

ఫతీ అన్నగారు అప్పుడు అస్వాన్ ఆనకట్ట అధికారులలో ఒకరు. దక్షిణాన నూబియా ప్రజలు ఏ ఆధారమూ లేకుండానే తమ ఇళ్ళకు కమాను కప్పులు వేసుకుంటారని ఆయన తమ్మునికి తెలిపారు. ఫతీ తన విద్యార్థులను వెంటబెట్టుకొని 1941 ఫిబ్రవరిలో అస్వాన్‌కు బయలుదేరారు. పట్టణంలో ఆశించినదేదీ కనబడలేదు. వచ్చిన శ్రమ వృథా అనుకున్నారు. మరునాడు నది దాటి గర్బ్ అస్వాన్ అనే పల్లెలో అడుగుపెట్టిన తరువాత ఆయన కళ్ళను ఆయనే నమ్మలేకపోయారు. తెల్లగా, విశాలంగా, శుభ్రంగా ఉన్న ఇళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఒక ఇంటిని పోలినది మరొకటి లేదు. ప్రతి ఇంటికీ పచ్చి ఇటుకల కమాను కప్పు ఉంది. ఎక్కడా ఒక్క దూలం లేదు. పేదవారి ఊరే అది. అయినా అక్కడ దైన్యం కనబడలేదు.

ఆ ప్రయాణంలోనే ఆయన లక్సర్ దగ్గర పశ్చిమతీరంలో రెండవ రామెసెస్ చక్రవర్తి ఆలయాన్ని చూశారు. ఆలయం వెనుక ధాన్యపు కొట్లున్నాయి. సుమారు 3,200 సంవత్సరాల కిందట పచ్చి ఇటుకలతో కట్టిన కమానులు ఇంకా నిలిచి ఉన్నాయి. మట్టి నిలవదనే వారికి ఇంతకన్నా వేరే జవాబు అక్కరలేదు. ఇక తెలియవలసిందల్లా కట్టే విధానం. వెదకగా వెదకగా బొగ్దాది అహ్మద్ అలీ అనే మేస్త్రి, ఆయన తోటివారు దొరికారు.

వారి పనితీరు వివరంగా చెప్పుకోదగినది. గదికి మూడు వైపుల గోడలు మామూలుగా లేపి, ఒక చివరి గోడను మాత్రం ఎత్తుగా లేపుతారు. పక్కగోడల మీద రెండు పలకలు అడ్డంగా వేసుకొని ఇద్దరు మేస్త్రీలు ఎక్కుతారు. గుప్పెళ్ళతో అడుసు తీసి, ఎత్తైన గోడ మీద కమాను ఆకారం పూస్తారు. కొలబద్ద ఉండదు, దారం ఉండదు, కేవలం కంటి అంచనాయే. ఆ పూతను బాడిసతో చెక్కి సరిచేస్తారు. గణితశాస్త్రంలో పరావలయం అని చదువుకునే వక్రరేఖ దాదాపు అదే. ఆ తరువాత ఇటుకలను ఆ గోడకు ఆనించి, కాస్త వెనక్కు వాల్చి, వరుస వెంట వరుసగా పేరుస్తారు. ఒక్కొక్క వరుస తన ముందున్న వరుస మీద ఒరిగి నిలుస్తుంది కనుక జారిపోదు. కప్పుకు వాడే ఇటుకలలో గడ్డి ఎక్కువ కలిపి తేలికగా చేస్తారు. అవి 25 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం మాత్రమే ఉంటాయి. పచ్చిగా ఉండగానే వాటి మీద వేళ్ళతో రెండు గాళ్ళు ఏటవాలుగా గీస్తారు. అడుసు ఆ గాళ్ళలో పట్టి ఇటుకను పీల్చి పట్టుకుంటుంది.

పచ్చి ఇటుక నొక్కుడును భరించగలదు గాని సాగుడును, వంపును భరించలేదు. పరావలయాకారపు కమానులో బరువంతా నొక్కుడుగానే కిందికి దిగుతుంది. ఏ కళాశాలలోనూ చదవని మేస్త్రీల చేతులకు ఈ సంగతి తెలుసు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు గల గదికి ఇద్దరు మేస్త్రీలు ఒకటిన్నర రోజులో కప్పు వేసి దిగారు. ఆచార్యుడు కింద నిలబడి, విద్యార్థిగా మారి చూశాడు. ఫతీ ఈ విషయం చెప్పుకోవడానికి ఎన్నడూ సంకోచించలేదు. ఇల్లు కట్టించుకునేవాడు, గీసేవాడు, కట్టేవాడు - ఈ ముగ్గురూ ఒకచోట కూర్చొని మాట్లాడుకున్నప్పుడే మంచి ఇల్లు పుడుతుందని, నడుమ కాంట్రాక్టరు దూరిన నాటి నుంచి మేస్త్రి నోరు మూతబడిందని ఆయన అభిప్రాయం. నూబియా మేస్త్రీలు ఆయన వెంట ఉత్తరానికి వచ్చి బహ్తీమ్ ఇళ్ళకు కప్పులు వేశారు.

ఇంతలో ఆయన జీవితంలో అతి పెద్ద అవకాశం ఎదురైంది. లక్సర్‌కు ఎదురుగా నైలు పడమటి ఒడ్డున గుర్నా అనే పల్లె ఉండేది. ప్రాచీన ఈజిప్టు ప్రభువుల సమాధులున్న కొండ మీదనే ఆ పల్లె వెలసింది. అయిదు పేటలలో సుమారు 7,000 మంది నివసించేవారు. వారికి చాలినంత పొలం లేదు. ఇంటి కిందనే సమాధులు ఉండటం వల్ల వాటిని తవ్వి, దొరికిన వస్తువులను అమ్ముకొని బతకడం తరతరాలుగా కొందరికి వృత్తి అయింది. దళారులు లాభపడేవారు, తవ్వినవారికి దక్కేది స్వల్పం. ఒక సమాధిలోని శిల్పఫలకాన్ని ఏకంగా రాతి నుంచి కోసి ఎత్తుకుపోవడంతో పురావస్తు శాఖ మేల్కొంది. పల్లెను మొత్తం ఖాళీచేయించి కింద మైదానంలో కొత్త ఊరు కట్టాలని నిర్ణయించింది. తక్కువ ఖర్చులో కట్టగలవాడెవడని వెదుకుతున్న ఆ శాఖకు ఫతీ మట్టి ఇళ్ళు కంటబడ్డాయి. 1945లో ఆ పని ఆయనకు అప్పగించారు. 50 ఎకరాల స్థలం, సుమారు 900 కుటుంబాలు, చాలీచాలని నిధులు.

ఫతీ మూసలో పోసినట్లు ఒకే రకపు ఇళ్ళు కట్టడానికి అంగీకరించలేదు. గుర్నా ప్రజలు బదనా అనే బంధువర్గాలుగా మెలగేవారు. ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క చిన్న ముంగిలిని కల్పించి, దాని చుట్టూ ఇళ్ళు అమర్చారు. ప్రతి ఇంటికీ మన మండువా లోగిళ్ళను తలపించే నడిమి వాకిలి, పశువులకు కొట్టం, పావురాలకు గూళ్ళు ఏర్పరచారు. రాత్రి చల్లగాలి ఆ వాకిట్లో దిగి నిలిచి, పగటి ఎండకు ఇల్లు వేడెక్కకుండా కాపాడుతుంది. మందపాటి మట్టిగోడ పగలు వేడిని లోనికి త్వరగా పోనివ్వదు. చలికాలానికి ఆస్ట్రియా దేశపు కుంపటిని చూసి, దానిని మట్టితో చౌకగా చేసుకునే ఉపాయం కూడా కనిపెట్టారు. మసీదు, అంగడి, ఆటలూ పాటలూ ప్రదర్శించడానికి రంగశాల, బాలబాలికలకు వేరువేరుగా బడులు, చేతిపనులు నేర్పే భవనం - ఇవన్నీ ప్రణాళికలో చోటుచేసుకున్నాయి. సమాధులను వదిలితే ఏం తిని బతకాలన్న ప్రశ్న ఆయన మరచిపోలేదు. నేత, అద్దకం, కుండల పని నేర్పితే బతుకుతెరువు దొరుకుతుందని ఆశించారు. పనిలో చేరిన స్థానిక యువకులకు నూబియా మేస్త్రీలు ఇటుక పని నేర్పారు.

మట్టి ఉచితమే గాని పని ఉచితం కాదన్న సత్యం త్వరలోనే బోధపడింది. లక్షల ఇటుకలకు గడ్డి కావాలి. గడ్డి కొనడానికి కైరో నుంచి అనుమతి కావాలి. అనుమతి వచ్చేసరికి గడ్డి దొరికే కాలం దాటిపోయేది. కూలి డబ్బు సమయానికి రాకపోతే నేర్చిన పనివారు వెళ్ళిపోయేవారు. ఒక ఋతువులో ఊపందుకున్న పని మరుసటి ఋతువులో చతికిలబడేది. మట్టితో ఊరు కట్టడమా అని ఇంజనీర్లు నవ్వేవారు. సిమెంటు లేని చోట లెక్కలు ఎలా తనిఖీ చేయాలో తెలియక గుమాస్తాలు దస్త్రాలు తిప్పిపంపేవారు. బాధ్యత ఒక మంత్రిత్వశాఖ నుంచి మరొక మంత్రిత్వశాఖకు చేతులు మారింది.

దస్త్రాల పీడ ఎంతటిదైనా ఒకనాటికి తీరేదే. అసలు అడ్డంకి మరొక చోట ఉంది. గుర్నా ప్రజలకు కొత్త ఊరు అక్కరలేదు. కొండ మీది ఇల్లు వదలడమంటే వారికి జీవనాధారం వదలడమే. సమాధుల తవ్వకమే కాదు, వాటిని చూడవచ్చే యాత్రికుల వల్ల కలిగే ఆదాయమూ అక్కడిదే. తరలిపోవాలనే నిర్ణయం కైరోలో జరిగింది తప్ప గుర్నాలో జరగలేదు. ఊరి పెద్దలు పైకి తలలూపేవారు, లోలోపల పని సాగకుండా చూసేవారు. స్త్రీల మాట అసలే వినబడలేదు. ఇంట్లో పగలంతా మసలేది వారే అయినా, అక్కడి ఆచారం ప్రకారం పరాయి పురుషుడు వారితో మాట్లాడరాదు. అందువల్ల ఏ ఇంటి ఇల్లాలినీ ఏ విధమైన వంటచోటు కావాలని ఫతీ నేరుగా అడగలేకపోయారు. గుమ్మటాల సంగతీ ఉంది. ఆ ప్రాంతంలో గుమ్మటం కింద పడుకునేది చనిపోయిన పుణ్యపురుషులు. బతికున్నవారి ఇంటికి గుమ్మటమేమిటని గుర్నావారు ముఖం చిట్లించారని తరువాతి విమర్శకులు రాశారు. మేస్త్రితో కూర్చొని మాట్లాడగలిగిన ఫతీకి, ఇంటి యజమానితో మనసు విప్పి మాట్లాడే అవకాశం పూర్తిగా దక్కలేదు.

ఒకనాడు నైలు వరద సమయంలో కొత్త ఊరిని కాపాడే కట్టకు ఎవరో గండి కొట్టారు. పచ్చి ఇటుకకు పరమశత్రువు నీరు. తన చేతులతో లేపిన గోడల వైపు నీరు రావడం, పిలిచినా ఊరివారు సాయానికి రాకపోవడం ఫతీని అన్నింటికన్నా ఎక్కువగా బాధించింది. 1940ల చివరికి పని నిలిచిపోయింది. తలపెట్టిన ఊరిలో సుమారు అయిదవ వంతు మాత్రమే పూర్తయింది. కొండ మీదివారు కొండ మీదనే ఉండిపోయారు. పూర్తయిన మట్టి ఇళ్ళు చాలాకాలం ఖాళీగా పడి ఉండగా, క్రమంగా వేరే వారు వచ్చి చేరారు.

కైరోలో ఆయన ఆలోచనలకు ఆదరణ తగ్గింది. మళ్ళీ కళాశాలలో కొంతకాలం బోధించి, వాస్తు విభాగానికి అధిపతిగా పనిచేసినా మనసు కుదుటపడలేదు. 1957లో స్వదేశం విడిచి ఏథెన్స్‌లోని డాక్సియాడిస్ సంస్థలో చేరారు. ఇరాక్, పాకిస్తాన్ దేశాల గృహనిర్మాణ ప్రణాళికలలో పాలుపంచుకొని 1960ల ఆరంభంలో తిరిగి కైరో చేరారు.

తిరిగివచ్చిన తరువాత ఆయన మట్టి గొప్పదని ఊరక వాదించలేదు, కొలిచి చూపారు. 1964లో కైరోలోని భవన పరిశోధన కేంద్రంలో రెండు నమూనా గదులు కట్టి పరీక్షించారు. ఒకటి పచ్చి ఇటుకల గోడలతో, కమాను కప్పుతో కట్టినది. రెండవది ముందే పోతపోసి తెచ్చిన కాంక్రీటు పలకలతో నిలిపినది. ఇరవై నాలుగు గంటలలో మట్టి గదిలోని ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు మించి మారలేదు. కాంక్రీటు గదిలో అది 36 డిగ్రీలకు చేరింది. ఆ సమయంలో బయటి గాలి కంటే కూడా ఆ గది 9 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. ఎండ నుంచి కాపాడవలసిన ఇల్లే కొలిమిగా మారిందన్నమాట. ధనవంతుడైతే ఏసీ పెట్టుకొని ఆ తప్పును కప్పిపుచ్చుకోగలడు. పేదవానికి ఆ దారి లేదు.

ఆ తరువాత ఖార్గా ఒయాసిస్సులో బారిస్ అనే కొత్త ఊరిని 250 కుటుంబాల కోసం తలపెట్టారు. అక్కడి అంగడిలో కూరగాయలు చెడిపోకుండా నేలమాళిగ కొట్లు కట్టి, గాలిని పైనుంచి పట్టి కిందికి దింపే గోపురాలు నిలిపారు. ఏ యంత్రమూ లేకుండా ఎడారి నడుమ చల్లదనం సాధించిన కట్టడమది. 1967లో యుద్ధం రావడంతో ఆ పనీ మధ్యలోనే ఆగింది.

ఇదే దశకంలో మరొక విషాదం జరిగింది. అస్వాన్ హైడ్యాం నిర్మాణంతో నూబియా పల్లెలు నీట మునిగాయి. 1963, 1964 సంవత్సరాలలో సుమారు 50,000 మంది నూబియన్లను ఈజిప్టు ప్రభుత్వం కోమ్ ఒంబో ప్రాంతానికి తరలించింది. ఫతీకి కమాను విద్య నేర్పిన జాతివారికి అక్కడ దొరికినవి వరుసలుగా కట్టిన ఇరుకైన కాంక్రీటు ఇళ్ళు. ఆనకట్ట వెనుక ఒండ్రు నిలిచిపోవడంతో పొలాలకు ఏటేటా వచ్చే కొత్తమట్టి కూడా రాకుండా పోయింది. 1980లలో సాగునేల పైపొరను ఇటుకల కోసం తవ్వడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఏ మట్టి ఎప్పటికీ తరగదని ఫతీ తొలినాళ్ళలో నమ్మారో, ఆ మట్టికీ కొరత వచ్చిందని చెప్పక తప్పదు.

1969లో కైరోలో వెలువడిన గుర్నా అనే గ్రంథంతో ఆయన పేరు ప్రపంచమంతటా వినబడింది. 1973లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం దానిని పేదల వాస్తువు అనే అర్థం వచ్చే పేరుతో మళ్ళీ ముద్రించింది. సాధారణంగా వాస్తుశిల్పులు తమ విజయాల గురించే రాస్తారు. ఫతీ ఆగిపోయిన ఊరి గురించి రాశారు. ఎక్కడ మోసపోయారో, ఎక్కడ తొందరపడ్డారో, ఎవరు అడ్డుపడ్డారో వివరించారు. దానికి తోడు ఏ పనికి ఎంతమంది మేస్త్రీలు, ఎంతమంది కూలీలు, ఎంత ఖర్చు పట్టిందో అనుబంధాలలో లెక్కలు చూపారు. అధికారులను నిందించిన చోట ఆయన మాట కొంత కటువుగానే ఉంటుంది. గుర్నా ప్రజల వైపు నుంచి చూసినప్పుడు ఆయన వాదన సంపూర్ణం కాదని తరువాతివారు చెప్పిన మాటలోనూ న్యాయముంది. అయినా ఆ లెక్కలు, ఆ తప్పులు దాచకుండా చెప్పడం వల్లనే ఇతర దేశాల యువకులు వాటి నుంచి నేర్చుకోగలిగారు.

1980లో ఆగాఖాన్ వాస్తు పురస్కారాల సందర్భంగా అధ్యక్షుని ప్రత్యేక పురస్కారం, అదే సంవత్సరం రైట్ లైవ్లీహుడ్ పురస్కారం ఆయనను వరించాయి. 1984లో అంతర్జాతీయ వాస్తుశిల్పుల సంఘం స్వర్ణపతకం బహూకరించింది. ఇంత కీర్తి వచ్చినా ఒక వైరుధ్యం మాత్రం ఆయనను విడువలేదు. పేదల కోసం ఆయన పునరుద్ధరించిన గుమ్మటాలను, కమానులను ముచ్చటపడి కట్టించుకున్నవారిలో ధనికులే ఎక్కువ. పేదవాడు మాత్రం డబ్బు చేతికి రాగానే కాంక్రీటు ఇల్లే కోరుకున్నాడు. కాంక్రీటు అతని కంటికి హోదా, మట్టి అతని కంటికి పేదరికపు గుర్తు. పైగా గుమ్మటం మీద మరొక అంతస్తు వేయడం కుదరదు. కొడుకులకు పెళ్ళిళ్ళయితే పైన గదులు వేసుకోవాలనుకునే కుటుంబానికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

చివరి దశలో ఫతీ కైరో కోట సమీపంలోని దర్బ్ అల్ లబ్బానా అనే సందులో, ఒక పాతకాలపు ఇంటి పై అంతస్తులో నివసించారు. పెంపుడు పిల్లులు, పుస్తకాలు, దేశదేశాల నుంచి వచ్చే విద్యార్థులు ఆయనకు తోడు. ఎనభై ఏళ్ళ వయస్సులో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం వెళ్ళి, అబిక్యూలో ఒక మసీదు కట్టించారు. అప్పుడు కూడా నూబియా మేస్త్రీలను వెంట తీసుకువెళ్ళారు. వారిలో అలాఉద్దీన్ ముస్తఫా ఒకరు. సెంట్రింగు లేకుండా కమాను లేవడం చూడటానికి అక్కడి కట్టడపు పనివారు గుమికూడారు. కైరో ఆచార్యుడు పక్కన నిలబడగా మేస్త్రి వారికి పాఠం చెప్పాడు. 1989 నవంబరు 30న ఫతీ కైరోలో కన్నుమూశారు. అదే సంవత్సరం పుదుచ్చేరి సమీపంలోని ఆరోవిల్‌లో మట్టి కట్టడాల పరిశోధనకు ఒక సంస్థ ఏర్పడింది. అక్కడ ఈ నూబియా పద్ధతిని మెరుగుపరచి, ఒత్తిన మట్టి ఇటుకలతో కమానులు కట్టడం నేర్పుతున్నారు.

పాత గుర్నాలోని ఇళ్ళను 2006 తరువాతి సంవత్సరాలలో ప్రభుత్వం చాలావరకు కూల్చివేసి, అక్కడివారిని మరొకచోటికి తరలించింది. కొత్త గుర్నాలోనూ చాలా మట్టి ఇళ్ళు మాయమై వాటి స్థానంలో కాంక్రీటు ఇళ్ళు లేచాయి. హైడ్యాం తరువాత నేలలో పెరిగిన నీరు, ఉప్పు పునాదులలోకి ఎగబాకి మిగిలిన గోడలకు పగుళ్ళు తెచ్చాయి. 2010లో ప్రపంచ స్మారక నిధి ఆ ఊరిని అపాయంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. యునెస్కో కూడా దానిని కాపాడే పనిలో పాలుపంచుకున్నది. కాలానికి తట్టుకొని నిలిచిన వాటిలో మసీదు ముఖ్యమైనది. ఆరుబయట గోడ వెంట సాగే మెట్లు నేరుగా మీనారు వరకు తీసుకుపోతాయి. తలపెట్టిన ఊరు పూర్తికాకపోయినా, అప్పుడు చేరిన కుటుంబాల పిల్లలు, వారి పిల్లలు ఆ మట్టి గుమ్మటం కింద ప్రార్థన చేస్తూ వచ్చారు.